కరెంటు లేని షెడ్డులో బండి: బ్యాటరీ దిగిపోకుండా ఏం చెయ్యాలి?

నల్లపాడు_రైడర్:
అందరికీ నమస్కారం. గుంటూరు శివార్లలో, నల్లపాడు వైపు, రేకుల షెడ్డులో బండి ఉంటుంది. షెడ్డుకు కరెంటు మీటరు లేదు, ఇప్పట్లో వచ్చేలా కూడా లేదు. 350 సీసీ బండి, బీఎస్-6, కిక్కు లేదు, 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీల్డు బ్యాటరీ. రెండు మూడు వారాలకోసారి తీస్తాను. అప్పటికి సెల్ఫ్ నొక్కితే రిలే టకటకమంటుంది, అంతే. ఇప్పుడు రీడింగ్ 12.1 వోల్టులు. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. రేకుల మీద ఎండకు కొదవ లేదు కాబట్టి సోలార్ ప్యానెల్ పెడదామనుకుంటున్నా. ఎన్ని వాట్లది తీసుకోవాలి? కంట్రోలర్ (ఛార్జింగ్‌ను అదుపులో పెట్టే డబ్బా) తప్పనిసరా? షెడ్డులో సగం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉంటాయి, అందుకని నిప్పు సంగతి కూడా చూసుకోవాలి.

బైపాస్_బుల్లోడు:
రెండ్రోజులకోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి వదిలెయ్ అన్నా, ప్యానెలూ గీనెలూ ఎందుకు.

ఆంపియర్_లెక్క:
బుల్లోడు తమ్ముడూ, ఆ పది నిమిషాల సంగతి తర్వాత చూద్దాం. నల్లపాడు గారూ, ప్యానెల్ కొనేముందు బండి ఆగి ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో కొలవండి. 8 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడు వారాల్లో 12.1కి దిగిందంటే ఎక్కడో కారుతోంది.

కొలిచే పద్ధతి: తాళం తీసెయ్యండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మాత్రమే విప్పండి. మల్టీమీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నాబ్ డీసీ 10ఏ మీద పెట్టి, ఒక మొనను విప్పిన నెగటివ్ వైరుకు, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు ఆనించండి. మొదట్లో కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఈసీయూ (బండి లోపలి కంప్యూటరు) పూర్తిగా నిద్రపోడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అది స్థిరపడ్డాక ఎర్ర వైరును మిల్లీ ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, 200 మిల్లీ ఆంపియర్ల రేంజికి మారండి. మీటర్ తగిలించి ఉండగా తాళం తిప్పకూడదు, పొరపాటున సెల్ఫ్ నొక్కితే మీటర్ ఫ్యూజు క్షణంలో పోద్ది.

గడియారం, ఈసీయూ కలిపి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లయితే మామూలే. 1 మిల్లీ ఆంపియరు అంటే నెలకు 0.72 ఏహెచ్. అయిదు దాటితే ఎవరో బయటివాడు తాగుతున్నట్టు. జీపీఎస్ ట్రాకర్, అలారం, హ్యాండిల్ మీద పెట్టించుకున్న మొబైల్ ఛార్జర్... ఈ ముగ్గురినీ ముందు అనుమానించండి. నీలం లైటు వెలిగే యూఎస్‌బీ సాకెట్టును డైరెక్టుగా బ్యాటరీకి కలిపేస్తుంటారు, ఆ లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది.

నల్లపాడు_రైడర్:
కొలిచాను. 18.4 మిల్లీ ఆంపియర్లు. ట్రాకర్ ప్లగ్గు పీకితే 6.1. యూఎస్‌బీ సాకెట్టు ఫ్యూజు కూడా తీస్తే 1.3.

ఆంపియర్_లెక్క:
దొంగ దొరికాడు. 18.4 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 0.44 ఏహెచ్. 8 ఏహెచ్‌లో సగం పోడానికి తొమ్మిది రోజులు చాలు. పక్కనే ఇంకో లెక్క చూడండి. సీల్డు ఏజీఎం (యాసిడ్‌ను గాజునార పీల్చి ఉంచే రకం) బ్యాటరీ దానంతటది 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 శాతం కోల్పోతుంది, ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆ వేగం దాదాపు రెట్టింపు. మన రేకుల కింద 45 డిగ్రీలనుకున్నా నెలకు 12 శాతం, అంటే ఒక ఏహెచ్ లోపే. మీ ట్రాకరూ సాకెట్టూ కలిసి నెలకు తాగేది 12 ఏహెచ్ పైచిలుకు.

యూఎస్‌బీ సాకెట్టును ఇగ్నిషన్ లైనుకు మార్పించండి. హెడ్‌లైట్ డూమ్‌లో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు దొరుకుతుంది. మెకానిక్కుకు చెప్తే చిన్న రిలే పెట్టి ఇస్తాడు, రిలే లేకుండా బ్రేక్ లైటు వైరు మీద లోడు వెయ్యనివ్వకండి. ట్రాకర్ దొంగతనం కోసం పెట్టుకున్నది కాబట్టి దాన్ని ఆపమని చెప్పను. ట్రాకర్‌కు 12.3, మామూలుగా ఉండే 1.3 కలిసి 13.6 మిల్లీ ఆంపియర్లు, రోజుకు 0.33 ఏహెచ్ వేసుకోండి. దీనికైతే ప్యానెల్ న్యాయమే.

ఇంకో మాట. 12.4 దిగువన బ్యాటరీని వారాల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోద్ది, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పూర్తి కెపాసిటీ రాదు. తాళం తీసి రాత్రంతా వదిలేశాక రీడింగ్ 12.7 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 సగం, 12.0 పావు. బండి ఆపిన వెంటనే చూసే 13 వోల్టులు నిజం కాదు, పై పై నురగ అంతే.

పటమట_సోలార్:
ప్యానెల్ విషయం నేను చెప్తా. మీకు 10 వాట్లది. ఎండాకాలంలో 5 వాట్లదే ఎక్కువ, కానీ జులై నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల్లో ప్యానెల్ పావు వంతు కూడా ఇవ్వని రోజులుంటాయి. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 0.55 ఆంపియర్లు ఇస్తుంది. రోజుకు నిండు ఎండతో సమానమైన గంటలు మన దగ్గర అయిదు దాకా ఉంటాయి, అంటే 2.5 ఏహెచ్ పైన. మబ్బులో పావు వంతే వచ్చినా 0.6 ఏహెచ్. మీ 0.33కు ఇంకా కాస్త మిగులుద్ది. 5 వాట్లదైతే అదే రోజున 0.3 దగ్గర ఆగిపోద్ది, మీ బ్యాటరీ వానాకాలమంతా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు వాట్ల కంటే ముందు వెనక స్టిక్కరు చదవండి. 36 సెల్స్ ఉండాలి, వీఎంపీ (పూర్తి శక్తి ఇచ్చేటప్పటి వోల్టేజీ) 17.5 వోల్టుల పైన, వీఓసీ (ఏమీ కలపనప్పటి వోల్టేజీ) 21–22 మధ్య. "12 వోల్ట్ ప్యానెల్" అని రాసి వీఎంపీ 15 ఉన్నవి దొరుకుతున్నాయి, చవక. అవి మన ఊళ్ళకు పనికిరావు. ఎందుకో చూడండి: స్టిక్కరు మీద అంకెలన్నీ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే నెల మధ్యాహ్నం గాలే 43 ఉన్నప్పుడు రేకును ఆనించి బిగించిన ప్యానెల్లో సెల్ 70 డిగ్రీలకు పోద్ది. డిగ్రీకి దాదాపు 0.45 శాతం చొప్పున వోల్టేజీ తగ్గితే 45 డిగ్రీలకు 20 శాతం గల్లంతు. 17.5 కాస్తా 14 అవుతుంది. అందులో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్‌కు 0.4, వైరుకు ఇంకో 0.1 పోతే బ్యాటరీ దాకా వచ్చేది 13.5. నడుస్తుంది, అంచు మీద. 15 వోల్టుల ప్యానెల్ అయితే అదే సమయానికి 12కి దిగిపోయి, తోసే కరెంటు బాగా తగ్గిపోద్ది. ఎండ మండిపోతోంది, ఛార్జింగ్ మాత్రం ఎక్కట్లేదు అని జనం తలలు పట్టుకునేది ఇక్కడే.

అందుకే రేకుకు, ప్యానెల్‌కు మధ్య కనీసం నాలుగు అంగుళాల ఖాళీ వదలండి, కింద నుంచి గాలి ఆడాలి. ముఖం దక్షిణానికి. గుంటూరు 16.3 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, విజయవాడ 16.5, వాలు కూడా అంతే చాలు. కోణమానిని అక్కర్లేదు, 35 సెంటీమీటర్ల పొడవు ప్యానెల్ అయితే ఉత్తరం అంచును దక్షిణం అంచు కంటే 10 సెంటీమీటర్లు ఎత్తితే సరిపోద్ది. పూర్తిగా పడుకోబెడితే దుమ్ము, పక్షి రెట్టలు వానకు జారవు.

నీడ విషయంలో రాజీ పడకండి. 36 సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, ఒక్క సెల్ మీద వేపకొమ్మ నీడ పడినా మొత్తం కరెంటు ఆ సెల్ ఇచ్చినంతకే పడిపోద్ది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి ఒకసారి నిలబడి చూసి చోటు ఖాయం చెయ్యండి.

బైపాస్_బుల్లోడు:
అంతా బాగానే ఉంది గానీ ఇంత చిన్న ప్యానెల్‌కి కంట్రోలర్ దేనికి? ఒక డయోడ్ పెట్టి డైరెక్టుగా బ్యాటరీకి కలిపేస్తే పోలా?

ఆంపియర్_లెక్క:
ప్యానెల్ కరెంటు బ్యాటరీ కెపాసిటీలో నూటికి ఒక వంతు లోపు ఉంటే కలిపెయ్యొచ్చు. 8 ఏహెచ్‌కు 80 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒకటిన్నర వాట్ల బొమ్మ ప్యానెల్. స్కూటర్ 4 ఏహెచ్ బ్యాటరీకైతే 40 మిల్లీ ఆంపియర్లే. 10 వాట్ల ప్యానెల్ 550 ఇస్తుంది, ఏడు రెట్లు. బ్యాటరీ నిండిన తర్వాత కూడా తోస్తూనే ఉంటుంది కాబట్టి వోల్టేజీ 15 దాటిపోద్ది, లోపలి నీరు గ్యాసై వాల్వు గుండా బయటికి పోద్ది. సీల్డు బ్యాటరీలో తిరిగి నీళ్లు పోసే దారి లేదు. పక్కలు ఉబ్బిన బ్యాటరీలు చూసుంటావు కదా, వాటిలో చాలా వాటి కథ ఇదే. పైగా ఆ గ్యాసు హైడ్రోజన్, పక్కన మిర్చి టిక్కీలు.

డయోడ్ ఎందుకంటే రాత్రిపూట ప్యానెలే బ్యాటరీని తాగకుండా. కంట్రోలర్ ఉంటే ఆ పని అదే చూసుకుంటుంది, విడిగా పెట్టి ఇంకో 0.4 వోల్టులు పోగొట్టుకోవద్దు. కంట్రోలర్ లేని చిన్న ప్యానెల్ అయితే షాట్కీ డయోడ్, 1ఎన్5819. మామూలు 1ఎన్4007 పెడితే 0.7 పైనే తినేస్తుంది. గీత ఉన్న వైపు బ్యాటరీ పాజిటివ్‌కు.

ఆటోనగర్_వైరింగ్:
కంట్రోలర్ దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి కాబట్టి ఓపిగ్గా చదవండి అన్నా.

ఎంపీపీటీ (ఖరీదైన రకం కంట్రోలర్) మీకు అక్కర్లేదు, 10 వాట్ల మీద అది మిగిల్చేది దాని ఖరీదుకు తగదు. పది ఆంపియర్ల పీడబ్ల్యూఎం (మామూలు రకం) చాలు, డిస్‌ప్లే ఉన్నది, ఫ్లోట్ వోల్టేజీ (బ్యాటరీ నిండాక పట్టి ఉంచే వోల్టేజీ) మార్చుకునే వీలున్నది. మెనూలో బ్యాటరీ రకం సీల్డు లెడ్ యాసిడ్ ఎంచుకోండి. కొన్ని డబ్బాల్లో ఆ వరసలోనే లిథియం కూడా ఉంటుంది, అంకె చూసి నొక్కెయ్యకుండా దాంతో వచ్చిన కాగితం చూడండి.

కలిపే వరస: ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. బ్యాటరీని చూసే అది 12 వోల్టులా 24 వోల్టులా అని నిర్ణయించుకుంటుంది. ప్యానెల్ ముందు కలిపితే 21 వోల్టులు చూసి 24 అనుకునే ప్రమాదం ఉంది, అప్పుడు అది 27, 28 వోల్టుల కోసం ఎదురుచూస్తూ ఆపడమే మానేస్తుంది. బల్బు బొమ్మ ఉన్న లోడు టెర్మినల్స్ మీకు అవసరం లేదు, ఖాళీగా వదిలెయ్యండి.

వైరు 1 చదరపు మిల్లీమీటరు రాగిది. ప్యానెల్ నుంచి బ్యాటరీకి అయిదు మీటర్లనుకుంటే రానూపోనూ పది మీటర్లు, 0.18 ఓములు, పోయేది 0.1 వోల్టే. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే 3 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు. ఇది కంట్రోలర్ కోసం కాదు, వైరు కోసం. ప్యానెల్ షార్ట్ అయితే అర ఆంపియరే వస్తుంది, బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు. టిక్కీల మధ్య ఎలక వైరు కొరికినా ఆ ఫ్యూజే దిక్కు. వైరును పీవీసీ పైపులో వేస్తే ఇంకా మంచిది.

బ్యాటరీ వైపు రింగు లగ్గులు ప్లయర్‌తో నొక్కి టెర్మినల్ బోల్టు కిందే బిగించండి. వైరు కొసలు మెలిపెట్టి బోల్టుకు చుట్టడం వద్దు, బండి వణుకుకు వారంలో వదులవుతుంది. లగ్గులు, ఫ్యూజు హోల్డర్, రెండు పిన్నుల ఎస్‌ఏఈ ప్లగ్గు మా ఆటోనగర్‌లో ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా అడగండి. ఎస్‌ఏఈ ప్లగ్గుతో ఒక తిరకాసు ఉంది. ఆకారం ఒకటే అయినా కొన్ని ప్యానెళ్లకు పాజిటివ్, నెగటివ్ తిరగేసి వస్తాయి, ప్లగ్గు మాత్రం చక్కగా దిగిపోద్ది. మొదటిసారి కలిపేముందు రెండు వైపులా మీటర్‌తో చూడాల్సిందే. బ్యాటరీ వైపు ప్లగ్గులో రబ్బరు తొడుగు లోపల ఉన్న పిన్ను పాజిటివ్ కావాలి, బయటికి కనపడేది నెగటివ్. అప్పుడే ప్లగ్గు ఊడి ఛాసిస్‌కు తగిలినా మెరుపు రాదు.

కంట్రోలర్ కూడా ఓ పది మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఎండ ఉన్నన్నాళ్లూ పర్లేదు. ప్యానెల్ తీసేసి కంట్రోలర్‌ను మాత్రం బ్యాటరీకి వదిలేస్తే ఇంకో ట్రాకర్ పెట్టుకున్నట్టే.

పటమట_సోలార్:
వైరింగ్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా: ఫ్లోట్ 13.7 అని ఫ్యాక్టరీలో పెట్టి పంపుతారు. అది 25 డిగ్రీల గదికి. ఈ చవక కంట్రోలర్లకు బ్యాటరీ వేడి కొలిచే వైరు ఉండదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్‌కు డిగ్రీకి 20 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గించాలి. షెడ్డులో బ్యాటరీ 40 డిగ్రీలుంటే 15 డిగ్రీలు ఎక్కువ, 0.3 వోల్టులు తక్కువ. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా 13.4, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 13.6 పెట్టుకోండి. మధ్యలో 13.5. ఏడాదికి మూడుసార్లు బటన్ నొక్కడం పెద్ద పని కాదు. ఎండాకాలంలో 13.7 మీద నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఎండిపోతుంది, తీరా బ్యాటరీ కంపెనీని తిడతారు.

మొదట చెప్పిన లెక్కతో కలిపి చూస్తే, వేడికి ప్యానెల్ వోల్టేజీ పడిపోతుంది, బ్యాటరీకి కావలసిన వోల్టేజీ కూడా పడిపోతుంది. 36 సెల్స్ ప్యానెల్ మే నెలలో కూడా గట్టెక్కడానికి కారణం అదే.

లక్ష్మీపురం_స్కూటీ:
నాది వేరే సమస్య. అపార్ట్‌మెంట్ సెల్లార్, ఎండ పొడ కూడా రాదు. పార్కింగ్‌లో ప్లగ్ పాయింటు ఇవ్వరు, అసోసియేషన్ ఒప్పుకోదు. 4 ఏహెచ్ స్కూటర్ బ్యాటరీ. ప్రతిసారీ విప్పి మూడో అంతస్తుకు మోయకుండా పవర్ బ్యాంకుతో ఎక్కించుకోవచ్చా? యూఎస్‌బీ నుంచి 12 వోల్టులు చేసే కేబుల్ ఉంది నా దగ్గర, పెట్టి చూస్తే ఏమీ ఎక్కట్లేదు.

ఆటోనగర్_వైరింగ్:
అక్కా, ఆ కేబుల్ వైఫై రౌటర్ కోసం, సరిగ్గా 12.0 ఇస్తుంది. మీ బ్యాటరీయే 12.3 ఉంటే లోపలికి ఎలా పోద్ది? పల్లానికి గానీ మెరకకు నీళ్లు ఎక్కవు.

కావలసింది వోల్టేజీ, కరెంటు రెండూ మార్చుకునే స్టెప్ అప్ (వోల్టేజీ పెంచే) మాడ్యూల్. సీసీ-సీవీ బూస్ట్ అని అడిగితే ఇస్తారు, రెండు చిన్న మరలు ఉంటాయి. ఇన్‌పుట్ 5 వోల్టులకు పనిచేసేదో కాదో అడగండి, 8 లేదా 10 నుంచి మొదలయ్యేవే ఎక్కువ. బ్యాటరీకి కలపకుండా అవుట్‌పుట్ మీటర్‌తో చూస్తూ మొదటి మర తిప్పి 14.5 పెట్టండి. తర్వాత మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, అవుట్‌పుట్‌కు, దిగిన బ్యాటరీకి మధ్య వరసలో కలిపి, రెండో మరతో 0.4 దగ్గర ఆపండి. అవుట్‌పుట్ పాజిటివ్‌కు ఒక 1ఎన్5822 డయోడ్ సోల్డర్ చేయించండి. పవర్ బ్యాంకు ఆగిపోయాక మాడ్యూల్ మీ బ్యాటరీనే వెనక్కి తాగకుండా అది ఆపుతుంది. దానికి 0.3, 0.4 పోతే బ్యాటరీకి అందేది 14.1, అదే కావాలి.

లెక్క: 14 వోల్టులు, 0.4 ఆంపియర్లు అంటే 5.6 వాట్లు. మాడ్యూల్ నష్టం కలిపి పవర్ బ్యాంకు నుంచి దాదాపు 6.6 వాట్లు, 5 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు. కాబట్టి 2 ఆంపియర్ల పోర్టు వాడండి. 10000 ఎంఏహెచ్ అని రాసినదాన్ని 3.7 వోల్టుల దగ్గర లెక్కేస్తే 37 వాట్ అవర్లు, చేతికొచ్చేది 30లోపు. అంటే మీ బ్యాటరీకి రెండు ఏహెచ్, సగం ట్యాంకు. అయిదారు గంటలు పడుతుంది. బ్యాటరీ నిండి కరెంటు బాగా తగ్గితే చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, మనకు మంచిదే. పవర్ బ్యాంకును మాత్రం సీటు కింద డిక్కీలో మూసి పెట్టకండి, పైన ఫుట్‌బోర్డు మీద ఉంచండి.

లక్ష్మీపురం_స్కూటీ:
14.5 స్థిరంగా పెట్టి మర్చిపోతే?

ఆటోనగర్_వైరింగ్:
ఒక రాత్రికి ఏమీ కాదు, పవర్ బ్యాంకు ఖాళీ అయ్యాక తోసేవాడే లేడు. అదే మాడ్యూల్‌కు పవర్ బ్యాంకు బదులు పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ తగిలించి రోజుల తరబడి వదిలితే మాత్రం బండి బ్యాటరీ ఉడికిపోద్ది. అలా వాడాలంటే డయోడ్ అవతల 13.4 వచ్చేలా తగ్గించాలి.

తెనాలి_ట్రాక్టర్:
ఇన్వర్టర్ మాట వచ్చింది కాబట్టి, పొలాల్లో ట్రాక్టర్ బ్యాటరీ నుంచి బండికి పెట్టేవాళ్ల కోసం. పాజిటివ్ లైనులో 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు సిరీస్‌లో వెయ్యండి. ట్రాక్టర్ ఇంజిను ఆగి ఉంటే 12.7 మాత్రమే కాబట్టి రెండూ ఒక మట్టానికి వచ్చి ఆగిపోతాయి, బండి బ్యాటరీ పూర్తిగా నిండదు, సెల్ఫ్ ఎత్తడానికి మాత్రం సరిపోద్ది. ఇంజిను తిరుగుతుంటే 14 వోల్టులు వస్తుంది, బల్బు కరెంటును అదుపులో పెడుతుంది. బల్బు జిగేల్‌మని వెలిగి అలాగే ఉంటే బండి బ్యాటరీ లోపల షార్ట్ అయినట్టు, వెంటనే తీసెయ్యండి. బల్బు లేకుండా జంపర్ వైర్లతో బండి స్టార్ట్ చేసేటప్పుడు ట్రాక్టర్ గానీ కారు గానీ ఆఫ్‌లోనే ఉండాలి. నెగటివ్ క్లిప్పు ఆఖర్న, బ్యాటరీ మీద కాకుండా ఇంజిను బోల్టు మీద పెట్టండి.

బైపాస్_బుల్లోడు:
సరే, నా పది నిమిషాల స్టార్టింగ్ సంగతి ఏం చేశారు?

ఆంపియర్_లెక్క:
మర్చిపోలేదు తమ్ముడూ. స్టార్టింగ్‌కు పోయేది మనం అనుకున్నంత కాదు. 80 ఆంపియర్లు రెండు సెకన్లు అంటే 0.044 ఏహెచ్. అసలు చిక్కు ఐడ్లింగ్‌తో. 2017 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఆపే స్విచ్చు లేదు, హాలోజన్ బల్బయితే అదొక్కటే 3 ఆంపియర్లు. దాని మీద ఫ్యూయల్ పంపు, ఇంజెక్టరు, ఇగ్నిషన్ కాయిల్. ఐడ్లింగ్‌లో కాయిల్ ప్లేటు (ఇంజిను తిరిగితే కరెంటు పుట్టించేది) ఇచ్చేది వీటికే దాదాపు సరిపోద్ది, బ్యాటరీకి మిగిలేది చాలా తక్కువ. పైగా ఇంజిను పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే సైలెన్సర్‌లో, ఆయిల్లో నీళ్లు చేరతాయి. వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పడం దీనికంటే ఎంతో నయం. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట లెక్కలోకి రాదు, వారధి దాటి మంగళగిరి దాకా ఒకే వేగంతో వెళ్లి రావాలి.

బండి ఛార్జింగ్ బాగుందో లేదో కూడా చూసుకో. 4000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 ఉండాలి. 13.2 దాటకపోతే కాయిల్ ప్లేటో రెక్టిఫైరో కనెక్టర్ కాలిపోవడమో. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది. అలాంటి బండికి ఎంత మంచి ప్యానెల్ పెట్టినా బ్యాటరీ మిగలదు.

గుంటూరు_గ్రీజు:
లిథియం వేసుకున్నవాళ్లకు ఈ సెట్టింగులు వర్తించవు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) నిండా ఉన్నప్పుడే 13.3 చూపిస్తుంది, ఛార్జింగ్ పైహద్దు 14.6, నిండాక ఫ్లోట్‌లో పెట్టి ఉంచాల్సిన పనే లేదు. దానంతటది దిగడం చాలా తక్కువ. నెగటివ్ విప్పేసి వదిలేస్తే సరి. డీసల్ఫేషన్ (సల్ఫేటు వదిలించే) పల్సులు కొట్టే ఛార్జర్లు దాని దగ్గరికి కూడా రానివ్వొద్దు.

నల్లపాడు_రైడర్:
ప్యానెల్ వచ్చేదాకా నేనూ నెగటివ్ విప్పేస్తే చాలా? ఈ 12.1 ఉన్న బ్యాటరీ మళ్లీ పైకి వస్తుందా?

ఆంపియర్_లెక్క:
విప్పెయ్యండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగటివ్. గడియారం, ట్రిప్ మీటర్ సున్నా కావచ్చు, అంతకంటే ఏమీ కాదు. ట్రాకర్‌కు లోపల చిన్న బ్యాటరీ ఉంటే కొంతసేపు నడిచి ఆగుతుంది.

12.1 నుంచి వస్తుంది, ఏడాది లోపు బ్యాటరీయే కదా. 10 వాట్ల ప్యానెల్‌తో మూడు నాలుగు మంచి ఎండ రోజులు పట్టొచ్చు, ఆ రోజుల్లో బండి తియ్యకండి. నిండిందని కంట్రోలర్ చూపించాక సాయంత్రం ప్యానెల్ పీకి, తెల్లారి కొలవండి. 12.7 ఉండాలి. తర్వాత మొనలు బ్యాటరీకి ఆనించి పెట్టి సెల్ఫ్ నొక్కండి, తిరిగేటప్పుడు 9.6 కిందకు పడకూడదు. రాత్రికి రాత్రి 12.4కి దిగినా, సెల్ఫ్‌కు 8కి కుప్పకూలినా దాని పని అయిపోయినట్టే. 10.5 దగ్గర ఆగిపోయి ఎంత పెట్టినా కదలకపోతే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చినట్టు. మరీ 8, 9 వోల్టుల కిందికి దిగిన బ్యాటరీని చాలా కంట్రోలర్లు గుర్తించవు, డిస్‌ప్లే కూడా వెలగదు. అప్పుడు తెనాలి గారు చెప్పిన బల్బు పద్ధతిలో ఓ అరగంట పెట్టి లేపి, తర్వాత కంట్రోలర్‌కు ఇవ్వాలి.

సింగ్‌నగర్_2024:
వరద నీళ్లలో మునిగిన బ్యాటరీ గురించి కూడా రాస్తే బాగుంటుంది, బుడమేరు పొంగాక విజయవాడలో మా వైపు ఇది అందరికీ ఎదురైంది.

ఆటోనగర్_వైరింగ్:
సీల్డుదైతే బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, టెర్మినళ్ల చుట్టూ వేడినీళ్లలో కలిపిన వంటసోడాతో రుద్ది, ఆరబెట్టి, పైన సన్నగా వాజ్‌లీన్ రాయండి. వోల్టేజీ 12 పైన ఉంటే చాలావరకు పనికొస్తుంది. నీళ్లు పోసే పాత రకం అయితే మూతల గుండా బురద నీరు పోయి ఉంటుంది, దాన్ని వదిలెయ్యడమే. బండిలో మాత్రం కనెక్టర్లన్నీ విప్పి ఆరకుండా బ్యాటరీ కలపకండి. తడి మీద కరెంటు పారితే పిన్నులు పచ్చగా తుప్పు పట్టి పాడైపోతాయి.

నల్లపాడు_రైడర్:
ఆఖరి సందేహం. కంట్రోలర్ ప్లగ్గు పెట్టి ఉండగానే బండి స్టార్ట్ చేస్తే ఏమన్నా అవుతుందా?

పటమట_సోలార్:
కరెంటు పరంగా ఏమీ కాదు. బండి 14.2 ఇస్తుంటే బ్యాటరీ నిండిందనుకుని కంట్రోలర్ గమ్మున ఉంటుంది. కానీ ప్లగ్గు ఉన్న సంగతి మర్చిపోయి బండి బయటికి లాగితే వైరు, ఒక్కోసారి ప్యానెల్ మరలు కూడా దాంతో వస్తాయి. కంట్రోలర్ వైపు వైరు కొసను తాళం పెట్టే చోటికి ఆనేలా తెచ్చి హ్యాండిల్‌కు ఒక చుట్టు చుట్టండి. అది తియ్యనిదే తాళం దూరకూడదు. కంట్రోలర్‌ను గోడకు, టిక్కీలకు రెండడుగులు ఎడంగా, నడుం ఎత్తున బిగించండి. నేల మీద పెడితే దుమ్ము, చెదలు రెండూ పడతాయి.